ఉప్పూ పంచదారా మంచినీళ్ళూ

మా అమ్మమ్మకు పదకొండు కాన్పులు. మిగిలినవాళ్ళు అయిదుగురు. పోయినవాళ్ళ సంగతి అడిగితే ఆవిడ చేతివేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తూ చెప్పేది. "ఒకడు అమ్మవారు పోసి పోయాడు. ఒకత్తి కోరింత దగ్గు పట్టి పోయింది. తతిమ్మా నలుగురూ ఊరికే విరేచనాలు పట్టుకుని పోయారే అమ్మా."

ఆ "ఊరికే" అన్నమాట నేను చిన్నతనంలో వినీ విననట్టు వినేశాను. పిల్లల తల్లినయ్యాక అది నా చెవిలో మళ్ళీ మోగింది. నలుగురు పిల్లలు ఊరికే పోవటమేమిటి?

ఆలోచిస్తే, ఆవిడ తప్పేం లేదు. జబ్బుల్లోనూ కులీనత ఉంది మరి! మశూచికి అమ్మవారని పేరుంది, వేపమండలున్నాయి, జాతర ఉంది. కలరాకి మా కోస్తా జిల్లాల్లో మరిడమ్మ ఉంది. మశూచికైతే చరిత్ర పుస్తకాల్లో కూడా పెద్దపీటే. 1802లో బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ళ పిల్లకు టీకా వేయటంతో మొదలై, 1977లో మనదేశంలో మశూచి లేదని ప్రకటించేదాకా దాని కథంతా రాసి ఉంది. చంటిపిల్లల నీళ్ళ విరేచనాలకు మాత్రం దేవతా లేదు, జాతరా లేదు. "పళ్ళొస్తున్నాయి, అందుకే" అనో, "దిష్టి తగిలింది" అనో, "వేడి చేసింది" అనో అనేసి ఊరుకునేవాళ్ళు. ప్రతి ఇంట్లోనూ ఉండేది కాబట్టి అదొక జబ్బుగా ఎవరికీ ఆనలేదు.

మరి వైద్యం? "లంఖణం పరమౌషధం." ఈ సామెత ఎన్ని జ్వరాలు తగ్గించిందో నాకు తెలియదు గాని, విరేచనాలు పట్టిన చంటిపిల్లల విషయంలో మాత్రం దీనంత ప్రమాదమైనది మరొకటి లేదు. పాలు ఆపెయ్యి, అన్నం ఆపెయ్యి, నీళ్ళు అసలే పొయ్యకు. "పోసినకొద్దీ పోతాయి" అనేది అందులోని తర్కం. వినటానికి సబబుగానే ఉంటుంది. మన పెద్దవాళ్ళను ఆక్షేపించేముందు ఇంకొక్క సంగతి చెప్పాలి. ఇంగ్లీషు డాక్టర్లు కూడా గత శతాబ్దం సగం గడిచిపోయాక కూడా ఇదే చెప్పేవారు. "పేగులకు విశ్రాంతి ఇవ్వాలి, ఒకటి రెండు రోజులు ఏమీ పెట్టకండి" అనేవారు. అమ్మమ్మ, డాక్టరుగారు ఒక్కమాట మీద ఉన్న సందర్భాలు అరుదు. ఉన్న ఒక్కటీ ఇలా తగలడింది.

అసలు సంగతేమిటో మొదట కనిపెట్టినవాడు ఇరవై రెండేళ్ళ కుర్రాడు. పేరు ఓషానెస్సీ, ఐర్లండువాడు. 1831లో ఇంగ్లండుకు కలరా వచ్చింది. అప్పట్లో పెద్ద పెద్ద డాక్టర్లు కలరా రోగికి చేసే వైద్యమేమిటంటే రక్తం తీసెయ్యటం, ఆపైన విరేచనానికి మందివ్వటం! ఇతగాడు రోగుల రక్తం తీసి పరీక్ష చేసి, ఇందులో నీళ్ళూ లేవు, ఉప్పులూ లేవు, పోయినవాటిని తిరిగి ఒంట్లోకి పంపాలి అని పత్రికకు రాశాడు. అది చదివి 1832లో స్కాట్లండులో థామస్ లాటా అనే డాక్టరు, చావుకు సిద్ధంగా ఉన్న ఒక ముసలమ్మ నరంలోకి ఉప్పునీళ్ళు ఎక్కించాడు. అరగంటలో ఆవిడ కళ్ళు తెరిచింది, ముఖంలో రంగు వచ్చింది, హాయిగా ఉందన్నది. డాక్టరుగారు సంతోషించి మరో రోగిని చూడటానికి వెళ్ళిపోయారు. విరేచనాలు మళ్ళీ మొదలై, అయిదారు గంటల్లో ఆవిడ పోయింది. పోతున్నంతసేపూ పోస్తూనే ఉండాలన్న సంగతి లాటాకి అప్పుడు తెలిసింది. కాని మరుసటి ఏడే ఆయనా పోయాడు, ఆ వైద్యమూ మరుగున పడింది.

ఓషానెస్సీ ఏమయ్యాడంటారా? మనదేశానికి వచ్చి కలకత్తాలో ఉద్యోగం చేశాడు. 1850ల్లో దేశమంతటా టెలిగ్రాఫు తీగలు వేయించినవాడు ఆయనే. 2013 దాకా మనందరి గుండెలు దడదడలాడించిన టెలిగ్రాములు ఆయన చలవే. "ప్రారంభం, వెంటనే రండి" అని పురిటివార్త తెచ్చిన తీగా, పిల్లవాడు పోయాడని తెచ్చిన తీగా ఆయన వేసినవే. పిల్లవాడు పోకుండా ఉండే కిటుకు మొదటి సగం కూడా ఆయన తలలోదే. చరిత్ర చేసే చమత్కారాలు ఇలాగే ఉంటాయి.

తర్వాత నూరేళ్ళకు సెలైను సీసాలు బాగానే వచ్చాయి. కాని సీసాకి సూది కావాలి, సూదికి డాక్టరు కావాలి, డాక్టరుకి ఆస్పత్రి కావాలి. పల్లెటూళ్ళో అర్ధరాత్రి ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి? నోటితోనే తాగించవచ్చు గదా అంటే, తాగిన మంచినీళ్ళు తాగినట్టే బయటికి పోతున్నాయి.

1953లో కలకత్తాలో హేమేంద్రనాథ్ ఛటర్జీ అనే డాక్టరు ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళను నోటితోనే తాగించి కలరా రోగులను బాగుచేశానని లండన్ పత్రిక "లాన్సెట్"లో రాశాడు. వాంతులు తగ్గటానికి ఒక మాత్రా, విరేచనాలకు ఒక ఆకు పసరూ వాడాడు. ఆ ఆకేమిటో తెలిస్తే నవ్వుకుంటారు. మన పెరట్లో కుండీలో పెంచి శనగపిండిలో ముంచి బజ్జీలు వేసుకునే వామాకే! పాశ్చాత్యులెవరూ దాన్ని పట్టించుకోలేదు. పక్కన పోల్చి చూడటానికి వేరే రోగుల గుంపు లేదనీ, శాస్త్రం ప్రకారం లేదనీ పక్కన పెట్టేశారు.

ఆ శాస్త్రం 1960లో వచ్చింది. రాబర్ట్ క్రేన్ అనే ఆయన పేగుల లోపలి గోడ ఎలా పనిచేస్తుందో చెప్పాడు. మనకు అర్థమయ్యేటట్టు చెప్పాలంటే ఇంతే: ఉప్పు ఒంటరిగా వస్తే పేగు తలుపు సరిగా తియ్యదు. చక్కెర వేలు పట్టుకుని వస్తే ఇద్దరినీ లోపలికి రానిస్తుంది. ఆ ఇద్దరి వెనకాలే నీళ్ళూ వెళ్ళిపోతాయి. ఎంత విరేచనాలవుతున్నా ఈ తలుపు మాత్రం పాడవదు. అంటే ఒకవైపు పోతూనే ఉన్నా, మరోవైపు నుంచి నింపుతూనే ఉండవచ్చు. పంచదార పాళ్ళు ఎక్కువైతే మాత్రం వ్యవహారం తిరగబడుతుంది. అది ఒంట్లోని నీటిని పేగుల్లోకి లాగి విరేచనాలను ఇంకా పెంచుతుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ పని ఉంది.

1968లో ఢాకాలో డేవిడ్ నేలిన్, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు కుర్ర డాక్టర్లు దీన్ని రోగుల మీద పద్ధతిగా చేసి చూశారు. సీసాల అవసరం అయిదింట నాలుగు వంతులు తగ్గిపోయింది. అయినా పెద్దలు "అది ఆస్పత్రిలో, నర్సుల మధ్య. ఇంట్లో తల్లులకు చేతనవుతుందా?" అని సందేహించారు. తల్లులకు ఏదీ చేతకాదనుకోవటం ప్రపంచంలో అందరికీ ఉన్న జబ్బే.

ఆ సందేహం తీర్చింది ఒక యుద్ధం. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి కోటిమంది దాకా కట్టుబట్టలతో మనదేశంలోకి వచ్చారు. సరిహద్దులో బన్‌గావ్ అనే ఊళ్ళో మూడున్నర లక్షలమంది తలదాచుకున్నారు. వానలు, బురద, ఆపైన కలరా. అక్కడికి వెళ్ళిన పిల్లల డాక్టరు దిలీప్ మహలనబిస్‌కి ముప్ఫై ఆరేళ్ళు. ఆస్పత్రిలో రెండు గదుల నిండా నేలమీద రోగులు. వాంతుల్లో, విరేచనాల్లో మోకాళ్ళమీద కూచుంటే తప్ప వాళ్ళ చేతికి సూది గుచ్చటానికి వీల్లేదు. కాసిని రోజుల్లో సీసాలు అడుగంటాయి.

అప్పుడాయన కలకత్తాలో ఒక గదిలో పొట్లాలు కట్టించాడు. లీటరుకు ఇరవై రెండు గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా. పీపాల్లో కలిపి, వాటికి కుళాయిలు బిగించి, "గ్లాసులు పట్టుకురండి, మీవాళ్ళకు మీరే పట్టండి" అన్నాడు. తల్లులు, అక్కచెల్లెళ్ళు, తాతలు పట్టారు. అంతకుముందు నూటికి ముప్ఫైమంది పోతున్నచోట, పోయేవాళ్ళు నలుగురికి లోపే అయ్యారు. చదువురాని తల్లులు బురదలో కూచుని లోకానికి రుజువు చేసిన సంగతిది. 1978లో "లాన్సెట్" దీన్ని ఈ శతాబ్దపు అత్యంత ముఖ్యమైన వైద్య విజయం కావచ్చునని మెచ్చుకుంది. మహలనబిస్ 2022లో పోయారు. మరుసటి ఏడు మన ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది. బతికుండగా ఇస్తే వద్దనేవారా అని నాకు ఇప్పటికీ మంటగానే ఉంటుంది.

బంగ్లాదేశ్‌లో జరిగిన మరో ముచ్చట నాకు ఇంకా ఇష్టం. 1980 నుంచి పదేళ్ళపాటు బ్రాక్ అనే సంస్థ ఆడవాళ్ళను ఇంటింటికీ పంపి, గుప్పెడు బెల్లం, మూడువేళ్ళ చిటికెడు ఉప్పు, అరసేరు నీళ్ళు కలపటం నేర్పించింది. కోటీ ఇరవై లక్షల ఇళ్ళు తిరిగారు. ఎన్ని ఇళ్ళు తిరిగారన్నదాన్ని బట్టి కాదు, తల్లులకు ఎంత గుర్తుందన్నదాన్ని బట్టి వాళ్ళకు డబ్బు ఇచ్చేవారట! మొదట్లో ఎవరూ సరిగా వాడలేదు. ఎందుకా అని చూస్తే, నేర్పే ఆడవాళ్ళకే దానిమీద నమ్మకం లేదు, తమ ఇళ్ళలో వాళ్ళే వాడటంలేదు. వాళ్ళకు ముందు నమ్మకం కుదిర్చి, మగవాళ్ళనూ కూచోబెట్టి చెబితే అప్పుడు పని జరిగింది. ఇప్పటికీ అక్కడ దాన్ని "తాగే సెలైన్" అనే అంటారు.

ఇక మా ఇంటి చరిత్ర. 1981 వేసవి, మేం అప్పుడు ఏలూరులో ఉన్నాం. మా పెద్దవాడికి పదో నెల. ఉదయం నుంచి నీళ్ళలా విరేచనాలు. మా అత్తగారు ఉగ్గుగిన్నె తీసి, సానరాయి మీద జాజికాయ అరగదీసి నాకించారు. "ఇవాళ్టికి పాలు మాన్పించు అమ్మాయ్, పేగు ఎండితే అదే కడుతుంది" అన్నారు. నేను బి.ఏ. చదివినదాన్నే. అయినా మాన్పించాను. వాడు సాయంత్రం దాకా ఏడ్చి, తర్వాత ఏడవటం మానేశాడు. "చూశావా, నెమ్మదించాడు" అన్నారావిడ. నేనూ అలాగే అనుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది.

రాత్రి ఎనిమిదింటికి మావారు ఆఫీసునుంచి వచ్చి చూసి రిక్షా పిలిచారు. పిల్లల డాక్టరుగారు ముందు వాడి పొట్టమీద చర్మం రెండువేళ్ళతో పైకి లాగి వదిలారు. అది వెంటనే సర్దుకోలేదు, ముడతలా నిలిచింది. మాడు తడిమారు. గుంట పడింది. "ఒంటికెప్పుడు పోశాడమ్మా?" అన్నారు. పొద్దున అన్నాను. "ఏడిస్తే కన్నీళ్ళొచ్చాయా?" నాకు గుర్తులేదు. ఆ ప్రశ్న అడిగేదాకా కన్నీళ్ళు రాకుండా ఏడ్చాడని నాకు తట్టనే లేదు.

"వీడు నెమ్మదించలేదమ్మా, ఏడవటానికి ఓపికలేక ఊరుకున్నాడు" అన్నారాయన.

సెలైను పెడతారనుకున్నాం. మావారు డబ్బు కూడా తీశారు. ఆయన చెంచాతో ఒక చుక్క నాలుకమీద వేసి చూశారు. వాడు ఆత్రంగా చప్పరించాడు. "తాగుతున్నాడు, బతికాం" అని పొట్లం కలిపిన నీళ్ళు గ్లాసుతో నా చేతికిచ్చి, ఒక్కొక్క చెంచాడే పట్టమన్నారు. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి, ఇంకా నెమ్మదిగా పట్టమన్నారు. మధ్యమధ్య తల్లిపాలు ఇమ్మన్నారు. నాలుగు గంటలు అక్కడే బల్లమీద కూచుని పట్టాను. అర్ధరాత్రి దాటాక వాడు నా చీర తడిపాడు. అంతకంటె శుభవార్త నా జీవితంలో మరొకటి వినలేదు.

వెళ్ళేముందు ఆయన మా అత్తగారితో, "పిన్నిగారూ, పొట్లం లేనప్పుడు ఇంట్లో కలపటం నేర్చుకోండి" అని చెప్పారు. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకు తలకొట్టిన ఆరు టీచెంచాల పంచదార, తలకొట్టిన అర టీచెంచా ఉప్పు. కలిపాక రుచి చూడాలి. కన్నీళ్ళకంటె ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపాలి. మా వియ్యపురాలు తెలంగాణావిడ. పంచదార కాదు, చక్కెర అంటుంది. ఏదన్నా పాళ్ళు మాత్రం మారకూడదు. పొట్లమైతే దానిమీద రాసినన్ని నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపాలి. సగం పొట్లం, సగం గ్లాసు లెక్కలు పనికిరావు. మర్నాటికి మిగిలితే పారబొయ్యాలి. రెండేళ్ళలోపు పిల్లలకు విరేచనమైనప్పుడల్లా చిన్న టీకప్పులో సగం నుంచి కప్పు దాకా, ఆపైవాళ్ళకు కప్పు నుంచి రెండు కప్పులు పట్టవచ్చు. ఇప్పుడైతే దీనికి తోడు డాక్టర్లు పధ్నాలుగు రోజులు జింకు మందు కూడా ఇస్తున్నారు. విరేచనాలు తగ్గాయి కదా అని మధ్యలో మానకూడదు.

ఆ రాత్రినుంచి నేను నేర్చుకున్నదేమిటంటే, ఎన్నిసార్లు విరేచనమైందన్న లెక్కకంటె పిల్లవాడు ఎలా ఉన్నాడన్నదే ముఖ్యం. పదిసార్లయినా ఆడుకుంటూ, అడిగి తాగుతూ, ఒంటికి పోసుకుంటూ ఉంటే ఇంట్లో చూసుకోవచ్చు. కళ్ళు లోతుకు పోయినా, మగతగా పడివున్నా, తాగలేకపోయినా, తాగిందల్లా కక్కేస్తున్నా, ఆరేడు గంటలపాటు ఒంటికి పోయకపోయినా, విరేచనంలో నెత్తురు కనబడినా, గట్టిగా జ్వరమున్నా ఇక తెల్లారేదాకా ఆగకూడదు. దారిపొడుగునా చెంచాతో పడుతూనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. రెండు మూడు నెలలు నిండని పసిగుడ్డయితే ఈ లెక్కలేవీ వద్దు, మొదటిరోజే చూపించాలి. మూడు రోజులకూ తగ్గుముఖం పట్టకపోయినా అంతే. పెద్దవాళ్ళు వేసుకునే విరేచనాలు కట్టే మాత్ర సగం చేసి వెయ్యటం మాత్రం బొత్తిగా వద్దు. అది పేగుల కదలికను ఆపి పిల్లల ప్రాణంమీదికి తెస్తుంది.

ఈమధ్య ఇంకో కొత్త బెడద. ఓఆర్ఎస్ అని పేరుపెట్టి రంగురంగుల అట్టపెట్టెల్లో మందులషాపుల్లోనే తియ్యటి పానీయాలు అమ్మారు. పంచదార ఎక్కువైతే ఏమవుతుందో పైన చెప్పాను గదా. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్‌గారు ఏళ్ళతరబడి ఒంటరిగా పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. పొట్లం కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అని ఉందో లేదో చూడండి. కళ్ళజోడు లేకపోతే షాపులో కుర్రాణ్ణి చదివి పెట్టమనండి. సిగ్గేమీ లేదు.

హైదరాబాదు మాట వచ్చింది కాబట్టి మరొకటి. చంటిపిల్లల విరేచనాలకు పెద్ద కారణం రోటావైరస్ అని 1973లో ఆస్ట్రేలియాలో రూత్ బిషప్ కనిపెట్టింది. దానికి మనదేశపు చుక్కల మందు హైదరాబాదులోనే తయారైంది. 2016లో ప్రభుత్వం ఉచితంగా ఇవ్వటం మొదలుపెట్టిన మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరు, పది, పధ్నాలుగు వారాలకు వేస్తారు. 1980 ప్రాంతంలో లోకంలో ఏటా నలభై ఆరు లక్షలమంది పసివాళ్ళు విరేచనాలతో పోయేవారని అంచనా. ఇప్పుడది నాలుగున్నర లక్షలకు దిగింది. నాలుగున్నర లక్షలంటే తక్కువా అని మీరడగవచ్చు. కాదు. వాళ్ళలో ఒక్కడైనా "ఊరికే" పోయినవాడు కాడు.

మా అత్తగారు లంఖణం తప్పని జన్మలో ఒప్పుకోలేదు. "ఇది మందెక్కడా? మంచినీళ్ళేగా, నీళ్ళు తాగితే లంఖణం చెడదు" అనేవారు. ఆవిడ పక్షాన ఒక్కమాట చెప్పాలి. ఉప్పు వేసిన బియ్యపు గంజి కూడా ఇదే పని చేస్తుందని 1980ల్లో ఢాకాలో పరీక్షించి తేల్చారు. అది విన్నప్పుడు ఆవిడ ముఖం చూడాలి! "మా అమ్మ పోసేది" అన్నారు.

కాని ఆ వేసవి తర్వాత మా వీధిలో ఎవరింట్లో పసివాడికి విరేచనాలన్నా ఆవిడే ముందు చెప్పులేసుకునేవారు. కొంగున పంచదార పొట్లం, చేతిలో మా ఇంటి టీచెంచా. వేరేవాళ్ళ చెంచా కొలత సరిగా ఉంటుందో ఉండదో అని అనుమానం. అలా తిరిగీ తిరిగీ ఆ చెంచా ఎవరింట్లోనో ఉండిపోయింది. డజను చెంచాల్లో ఆ ఒక్కటీ లేకుండానే మిగతా పదకొండూ ఇప్పటికీ వాడుతున్నాను.